మీ ప్రశ్నలు, మా జవాబులు: ఆక్రిలిక్ రంగులు

గత సంచికలో నీటి రంగుల గురించి రాస్తూ, ఆక్రిలిక్ కూడా నీటితో కలుపుకునే రంగే అయినా ఆరిన తర్వాత దాని దారి వేరని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాను. ఆ వేరు దారి ఏమిటో చెప్పమంటూ వచ్చిన ఉత్తరాలతోనే ఈ నెల శీర్షిక నిండిపోయింది. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట వివరంగా ఉన్న ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

ప్రశ్న: గోడలకు వేసే ప్లాస్టిక్ పెయింట్ డబ్బా మీద ‘ఆక్రిలిక్ ఎమల్షన్’ అని ఉంటుంది. చిత్రకారుల ట్యూబు మీద కూడా ‘ఆక్రిలిక్’ అనే ఉంటుంది. నాలుగైదు ట్యూబుల ధరకు లీటరు డబ్బా వస్తుంది కదా, తెల్ల ఎమల్షన్‌లో స్టెయినర్ కలుపుకొని కాన్వాస్ మీద వేస్తే తప్పేమిటి?
— డ్రాయింగ్ ఉపాధ్యాయుడు, నంద్యాల

జవాబు: మీ అనుమానం నిరాధారమైనది కాదు. ఆ రెండూ ఒకే ఇంటి పిల్లలు, పైగా వాటిలో గోడ రంగే పెద్దది. జర్మనీకి చెందిన ఓటో రోమ్ అనే రసాయన శాస్త్రవేత్త 1901లో ఆక్రిలిక్ ఆమ్లం నుంచి వచ్చే పదార్థాల మీద డాక్టరేట్ పట్టా కోసం పరిశోధన చేశాడు. ఆయన స్థాపించిన సంస్థకు అమెరికాలో ఏర్పడిన శాఖ, అప్పటికి విడిపోయి సొంత కంపెనీగా నడుస్తున్న రోమ్ అండ్ హాస్, 1953లో గోడ రంగుల కోసం నీటిలో కలిసే ఆక్రిలిక్ ఎమల్షన్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకు సిన్సినాటి నగరంలో చిత్రకారుల రంగులు తయారుచేసే హెన్రీ లెవిసన్ అలాంటి ఎమల్షన్‌లోనే మేలురకం రంగుపొడులు నూరి ‘లిక్విటెక్స్’ అనే పేరుతో అమ్మకానికి పెట్టాడు. అంతకుముందే న్యూయార్క్‌లో లెనార్డ్ బోకూర్, శామ్ గోల్డెన్ కలిసి ‘మాగ్నా’ అనే ఆక్రిలిక్ రంగును తయారుచేశారు కానీ, దానిని టర్పెంటైన్‌తో పలచన చేయాల్సి వచ్చేది. నీళ్లతో కడుక్కోగలిగే రంగు చిత్రకారుడి చేతికి గోడ రంగుల పుణ్యమా అనే వచ్చింది.

ఎమల్షన్ అంటే ఏమిటో చూడాలంటే కొత్త పరికరాలేవీ అక్కర్లేదు, వడ్రంగి దగ్గరున్న ఫెవికాల్ డబ్బా చాలు. అది ఆక్రిలిక్ కాదు, పాలీవినైల్ ఎసిటేట్ అనే దాని దగ్గరి బంధువు. నడవడిక మాత్రం అదే. డబ్బాలో పాలమీగడలా తెల్లగా ఉంటుంది, వేలికి రాసుకుని ఆరనిస్తే గాజులా తేటపడి, ఒలిస్తే పొరగా ఊడివస్తుంది. నీటిలో వెంట్రుక మందంలో కొన్ని వందల వంతు ఉండే పాలిమర్ రేణువులు తేలుతూ ఉంటాయి. నీరు ఆవిరైపోయేకొద్దీ ఆ రేణువులు ఒకదానికొకటి దగ్గరై, ఒత్తుకుని, చివరకు కలిసిపోయి ఒకే పొర అవుతాయి. ఒకసారి కలిసిన రేణువులు మళ్లీ నీళ్లు పోసినా విడిపోవు. ఆక్రిలిక్ రంగు అంటే ఈ జిగురులో మునిగి ఉన్న రంగుపొడి, అంతే. ఈ నెల వచ్చిన మిగతా ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఈ నాలుగు మాటల్లోనే ఉంది.

గోడ రంగుకూ ట్యూబుకూ తేడా జిగురు పేరులో లేదు, ఆ జిగురులో ఏది ఎంత కలిపారన్న దానిలో ఉంది. గోడ రంగు తయారీదారుకు కావలసింది విస్తీర్ణం: తక్కువ ఖర్చుతో గోడను కప్పాలి, మరకలు కనబడకూడదు, నాలుగైదేళ్లు నిలిస్తే చాలు. అందుకే అందులో అసలు రంగుపొడి కొద్దిగానూ, సుద్ద, చైనా క్లే, టాల్క్ వంటి నింపుడు సరుకు ఎక్కువగానూ ఉంటాయి. మెరుపు లేని చౌకరకం ఎమల్షన్లలో ఈ పొడి మోతాదు ఎంత ఎక్కువంటే, దాని రేణువులన్నిటినీ చుట్టి పట్టుకోవడానికి జిగురు చాలదు. ఆరిన పొరలో సన్నని రంధ్రాలు మిగులుతాయి. తడి గుడ్డతో గట్టిగా రుద్దితే సుద్దలా చేతికి అంటుకునేది అందుకే. స్టెయినర్ సంగతి మరొకటి: అది తెల్లరంగుకు లేతఛాయ ఇవ్వడానికి ఉద్దేశించినది. గాఢమైన ఎరుపు కోసం సీసాలకు సీసాలు వంచితే రంగు సరిగా ఆరకపోవచ్చు, ఆరినా జిగటగా మిగలవచ్చు.

మీరే ఒక పరీక్ష చేసుకోండి. కాన్వాస్ ముక్క మీద రెండు పట్టీలు, ఒకటి డబ్బా రంగుతో, ఒకటి ట్యూబు రంగుతో, మందంగా వేసి పదిరోజులు ఆరనిచ్చి, తర్వాత గుడ్డను మధ్యకు మడిచి చూడండి. మడత దగ్గర డబ్బా రంగు గీతగా చిట్లే అవకాశమే ఎక్కువ. ట్యూబు రంగు రబ్బరులా వంగుతుంది. అలాగని డబ్బాను తీసిపారేయమనడం లేదు. బడిలో పిల్లలతో అట్టల మీద బొమ్మలు వేయించడానికీ, వార్షికోత్సవానికి తెరలు రాయడానికీ మంచిరకం ఎమల్షన్‌ను నేనూ సంతోషంగా వాడతాను. డబ్బు తీసుకుని ఒకరి ఇంటికి పంపే చిత్రానికి మాత్రం వాడను.

ప్రశ్న: పళ్లెంలో చక్కగా కుదిరిన చర్మపు ఛాయ ఆరిన తర్వాత ముదిరిపోతోంది. మర్నాడు అదే ఛాయ కలుపుదామంటే కుదరదు. నా చేతిలోనే లోపమా?
— గృహిణి, హనుమకొండ

జవాబు: మీ చేతిలో లోపం లేదు. తడి ఎమల్షన్ పాలలా తెల్లగా ఉంటుందని పైన చెప్పాను కదా, మీరు పళ్లెంలో చూస్తున్నది మీ రంగుతో పాటు ఆ తాత్కాలికమైన తెలుపును కూడా. ఆరేటప్పటికి తెలుపు మాయమై రంగు మిగులుతుంది కాబట్టి ఒక మెట్టు ముదిరినట్టు కనిపిస్తుంది. తెలుపు ఎక్కువగా కలిపిన లేత ఛాయల్లో ఈ మార్పు తక్కువ, పారదర్శకమైన ముదురు నీలాల్లో, ఎరుపుల్లో ఎక్కువ. ఛాయను కుదుర్చుకునేటప్పుడు అదే కాన్వాస్ ముక్క మీద చిటికెడు పూసి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో ఆరబెట్టి చూసి, అప్పుడు బొమ్మ మీదకు వెళ్లండి. నచ్చిన ఛాయను ఒక్కసారే కాస్త ఎక్కువగా కలిపి, గాలి చొరని చిన్న డబ్బాలో దాచుకుంటే మర్నాటి తంటా ఉండదు.

ప్రశ్న: మే నెలలో మా మేడ మీద గదిలో కూర్చుంటే కుంచె కాన్వాస్ మీదికి వెళ్లేలోగా రంగు పళ్లెంలోనే గట్టిపడిపోతోంది. నీళ్లు ఎక్కువ కలిపితే రంగు పలచబడి అట్టకు పట్టడం లేదు. ఏం చేయమంటారు?
— డిగ్రీ విద్యార్థి, విజయవాడ

జవాబు: ఆక్రిలిక్ నీరు పోవడం వల్ల ఆరే రంగు కాబట్టి, నీరు తొందరగా పోకుండా చూడడమే మీ పని. ముందుగా ఫ్యాను గాలి నేరుగా పళ్లెం మీదా బొమ్మ మీదా పడకుండా జరగండి. చాలామంది రంగు ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ అనే ద్రవం సీసా కోసం పరుగెత్తుతారు కానీ, సగం బాధ ఫ్యాను రెక్కల్లోనే ఉంటుంది.

తడి పళ్లెం తయారుచేసుకోవడం చాలా తేలిక. అంచులున్న స్టీలు పళ్లెంలో పాత నూలు చేతిరుమాలును నాలుగు మడతలు పెట్టి నీటితో బాగా తడపండి. దాని మీద బేకింగ్‌కు వాడే బటర్ పేపర్‌ను బుడగలు లేకుండా పరిచి, రంగులు దాని మీద పెట్టుకోండి. కాగితం గుండా అడుగు నుంచి తడి కొద్దికొద్దిగా అందుతూ ఉంటుంది కాబట్టి రంగు గంటల తరబడి మెత్తగా ఉంటుంది. పైన మరో పళ్లెం బోర్లించి పెడితే మర్నాటికీ పనికొస్తుంది. రుమాలు మీద నీరు నిలిచిందంటే మాత్రం రంగులు ఒకదానిలోకి ఒకటి పారతాయి, అందుకని చేత్తో నొక్కి అదనపు నీటిని ముందే ఒంపేయండి. వారానికోసారి రుమాలు ఉతకకపోతే బూజు వాసన వస్తుందని నేను అనుభవం మీద చెబుతున్నాను.

రిటార్డర్‌లో సాధారణంగా గ్లైకాల్ జాతి ద్రవం ఉంటుంది. అది నెమ్మదిగా ఆవిరవుతుంది. సీసా మీద రాసిన మోతాదు దాటితే రంగు రోజుల తరబడి జిగటగా ఉండి, మేడ మీది దుమ్మంతా దాని మీదే వాలుతుంది. ఇక నీళ్ల సంగతి. నీళ్లు పోసినకొద్దీ రంగుపొడితో పాటు దానిని పట్టి ఉంచే జిగురు కూడా పలచబడుతుంది. పీల్చుకునే గుణం ఉన్న కాగితం మీద, సరిగా ప్రైమర్ వేసిన కాన్వాస్ మీద నీళ్లలాంటి పలుచని పూత (వాష్) నిలుస్తుంది, కానీ నున్నని అట్ట మీద నిలవదు. అలాంటి చోట నీటికి బదులు ఆక్రిలిక్ మీడియం కలపండి. అది రంగు లేని ఆక్రిలిక్ జిగురే కాబట్టి ఎంత పలచన చేసినా పట్టు తగ్గదు.

దీనికి తిరగబడ్డ సమస్య చలిలో వస్తుంది. సుమారు 9 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే రేణువులు మెత్తబడి ఒకదానిలో ఒకటి కలిసిపోలేవు, నీరు ఆరిపోయినా పొర సరిగా ఏర్పడదు. విజయవాడలో ఆ బాధ మీకు రాదు. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో ఆరుబయట కూర్చుని మంచును చిత్రిద్దామనుకునే వారు మాత్రం గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: చేర్యాల పటాల పద్ధతిలో ఖాదీ గుడ్డకు అన్నపు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి నేల (రంగుల కింద ఉండే అడుగు పూత) తయారుచేయడం నేర్చుకున్నాను. దాని మీద ఆక్రిలిక్ రంగులు వేయవచ్చా?
— చేతివృత్తుల శిక్షణార్థి, సిద్దిపేట జిల్లా

జవాబు: పలచగా వేస్తే వేయవచ్చు, మందంగా వేస్తే మీ శ్రమ వృథా అవుతుంది. కారణం చెబుతాను. ఈ పటాలు వేసే నకాషీ కళాకారులు తరతరాలుగా గుడ్డకు పట్టించే ఈ లేపనం నీటిని పీల్చుకుంటుంది, నీటికి మెత్తబడుతుంది కూడా. సంప్రదాయంగా దాని మీదికి వచ్చే రంగులు కూడా రాళ్లనూ మట్టినీ నూరి జిగురునీళ్లలో కలిపినవే కాబట్టి నేలకూ రంగుకూ ఒకే స్వభావం ఉండేది. వానాకాలపు తేమకు రెండూ కలిసి ఉబ్బుతాయి, ఎండకు కలిసి బిగుస్తాయి. ఆక్రిలిక్ అలా కాదు. ఆరేటప్పుడు కుంచించుకుంటుంది, ఆరాక రబ్బరు పొరలా సాగుతుంది. బలమైన పొర బలహీనమైన నేల మీద పడితే, కుంచించుకునేటప్పుడు ఆ నేలను తనతో పాటు పైకి లాగుతుంది. మందంగా పూసిన ఎరుపు పెచ్చును తిప్పి చూస్తే వెనక తెల్లని సుద్ద అంటుకుని ఉంటుంది: ఊడింది రంగు కాదు, దాని కింద నేల.

రెండు మార్గాలున్నాయి. మొదటిది, రంగును నీటిరంగు పలచనలో, రెండు మూడు పూతలుగా, ఒక్కొక్కటీ పూర్తిగా ఆరనిచ్చి వేయడం. పటాల్లో ఉండే చదునైన ఎరుపు నేపథ్యానికి ఇది బాగానే సరిపోతుంది. రెండవది, ఆక్రిలిక్ గెస్సోతోనే నేల తయారుచేయడం. గెస్సో అంటే ఆక్రిలిక్ జిగురులో తెలుపునూ సుద్దనూ కలిపినది. మన పెయింటర్లు గోడకు పెట్టే లప్పానికి పలచని చెల్లెలు అనుకోండి. అయితే అలా చేసిన దానిని చేర్యాల పటం అని అమ్మడం నాకు న్యాయంగా తోచదు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కళకు గుడ్డ మీది నేల కూడా ఒక గుర్తే.

ప్రశ్న: మా తాతగారి ఆయిల్ పెయింటింగ్‌లో పంచె అంచు దగ్గర రంగు రాలితే నేనే ఆక్రిలిక్‌తో సరిచేశాను. ఇప్పుడు నేను వేసిన భాగం పొలుసుగా లేస్తోంది.
— విశ్రాంత ఉద్యోగి, కాకినాడ

జవాబు: ఆయిల్ మీద ఆక్రిలిక్ నిలవదు. నూనె రంగు నీరు పోవడం వల్ల ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని నెలల తరబడి మెల్లగా గట్టిపడుతుంది, ఆ తర్వాత కూడా ఏళ్లకేళ్లు మారుతూనే ఉంటుంది. దాని పైతలం జిడ్డుగా ఉండి నీటి రంగును పట్టనివ్వదు. తిరగేసి, బాగా ఆరిన ఆక్రిలిక్ మీద ఆయిల్ వేయడానికి అభ్యంతరం లేదు. చాలామంది అడుగు పూత ఆక్రిలిక్‌తో తొందరగా ముగించి పైన నూనె రంగులతో తీరికగా పని చేస్తారు. మీరు లేస్తున్న పొలుసును గోటితో లాగవద్దు, స్పిరిట్‌తో తుడవవద్దు, ఎందుకంటే స్పిరిట్ మీ పూతతో పాటు తాతగారి పంచెను కూడా కరిగించవచ్చు. లక్నోలోనూ, హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ చిత్రాల పరిరక్షణ ప్రయోగశాలలున్నాయి. అలాంటి చోట్ల తర్ఫీదు పొందిన వారిని విచారించి చూపించండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి గృహప్రవేశానికి నేను వేసిన మూడడుగుల ఆక్రిలిక్ చిత్రాన్ని పంపాలి. ఫ్రేము విప్పి చుట్ట చుట్టవచ్చా? ముహూర్తం జనవరిలో.
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చుట్టవచ్చు, కానీ రెండు శత్రువులను దృష్టిలో పెట్టుకోవాలి, ఒకటి ఇక్కడి వేడి, రెండోది అక్కడి చలి.

ఆక్రిలిక్ పొర ఆరిపోయినట్టు కనిపించినా మామూలు గది వేడిలో కొంత మెత్తగానే ఉంటుంది. వేడీ ఒత్తిడీ తోడైతే దేనికైనా అంటుకుంటుంది. పదిహేనేళ్ల కిందట ఒక ప్రదర్శన నుంచి నా చిత్రాలు రెండు తిరిగివచ్చాయి. ప్యాకింగ్ చేసినవారు వాటిని ముఖాముఖిగా పెట్టి మధ్యలో దినపత్రిక కాగితం వేశారు, వ్యాను ఒక మధ్యాహ్నమంతా ఎండలో నిలబడింది. విప్పి చూసేసరికి నేను నెల రోజులు కష్టపడిన ఎర్రచీర కుచ్చిళ్ల మీద ఒక కుక్కర్ ప్రకటన అద్దంలో చూసినట్టు తిరగబడి అచ్చుపడి ఉంది. కాగితం ఊడింది కానీ అక్షరాలు ఊడలేదు. బుడగల ప్లాస్టిక్ షీటు నేరుగా తగిలినా అంతే, చిత్రం నిండా గుండ్రటి మచ్చలు పడతాయి.

అందుచేత చిత్రం మీద ముందుగా సిలికాన్ పూత ఉన్న కాగితాన్ని పరచండి. బేకరీ వాళ్లు ట్రేలో వేసే అంటుకోని కాగితం అదే. మామూలు మైనపు కాగితాన్ని దాని బదులు వాడవద్దు. బొమ్మ ఉన్న వైపు బయటకు వచ్చేలా, వీలైనంత లావుపాటి గొట్టం చుట్టూ వదులుగా చుట్టండి. లోపలికి చుట్టితే పొర నొక్కుకుని ముడతలు పడుతుంది, బయటకు చుట్టితే కొద్దిగా సాగుతుంది, ఆక్రిలిక్ నలగడం కన్నా సాగడాన్నే బాగా ఓర్చుకుంటుంది. బుడగల షీటును వీటన్నిటికీ బయట, బుడగలు చిత్రం వైపు కాకుండా చుట్టండి. చిత్రం పూర్తయ్యాక కనీసం నెల రోజులు ఆరనిచ్చి పంపండి. రంగు మందంగా ఉన్న చోట పైన ఆరినా లోపల నీరు చాలాకాలం ఉంటుంది.

ఇక చలి. ఇక్కడ రబ్బరులా వంగే పొర, చలి 5 డిగ్రీల కిందకు దిగేకొద్దీ బిగుసుకుని పెళుసవుతుంది. జనవరిలో పార్సిల్ వ్యానులో రాత్రంతా ఉన్న చుట్టను గుమ్మంలోనే ఆత్రంగా విప్పితే అద్దంలా పగలవచ్చు. గొట్టం మీద పెద్ద అక్షరాలతో, ఒకరోజు ఇంట్లో వెచ్చగా ఉంచిన తర్వాతే విప్పమని రాయండి. మీ అమ్మాయికి ఫోనులో కూడా చెప్పండి.

ప్రశ్న: బ్యాంకు హాలులో పెట్టిన నా చిత్రంలో తామరపూల గులాబీరంగు మూడేళ్లలో వెలిసి బూడిదరంగులోకి వచ్చింది, పక్కనే ఉన్న ఆకుపచ్చ చెక్కుచెదరలేదు. ఆక్రిలిక్ రంగు వెలవదని కొట్టువాడు చెప్పాడు.
— చిత్రకారుడు, తిరుపతి

జవాబు: కొట్టువాడు జిగురు గురించి చెప్పాడు, మీరు రంగు గురించి విన్నారు. ఆక్రిలిక్ జిగురు వెలుగుకు అంత తొందరగా పసుపుబారదన్న మాట నిజమే, ఆ విషయంలో అది నూనె కన్నా మేలు. కానీ వెలిసేదీ వెలవనిదీ అందులోని రంగుపొడి. వెలిసే స్వభావం గల పొడిని ఎంత మంచి జిగురులో ముంచినా ఎండ దానిని వదలదు.

ట్యూబు ముందువైపు ఉండే అందమైన పేరును చూడకండి, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండే సంకేతాన్ని చదవండి. పీఆర్ అంటే ఎరుపు, పీవై అంటే పసుపు, పీబీ అంటే నీలం, పీవీ అంటే ఊదా జాతి. పక్కన ఉన్న అంకె ఏ పొడి అన్నది చెబుతుంది. పీవీ 19, పీఆర్ 122 అని ఉన్న గులాబీ, మెజెంటా రంగులు క్వినాక్రిడోన్ జాతివి, వెలుగుకు బాగా నిలుస్తాయి. పీఆర్ 83 అంటే పాత అలిజరిన్ క్రిమ్సన్, లేతగా వేస్తే నిలవదు. కళ్లు చెదిరేలా వెలిగే ఫ్లోరోసెంట్ గులాబీలు ఎవరు తయారుచేసినా వెలుస్తాయి. మీ ఆకుపచ్చ నిలిచిందంటే అందులో థాలోసయనిన్ జాతి పొడి ఉండి ఉంటుంది. సంకేతమే ముద్రించని ట్యూబును నేను సొంత పనికి కొనను.

‘హ్యూ’ అన్న మాట గురించి కూడా చాలామంది అడుగుతారు. అసలు పొడి కాకుండా ఆ ఛాయ వచ్చేలా వేరే పొడులు కలిపారని దాని అర్థం. అది ప్రతిసారీ మోసం కాదు. ప్రష్యన్ బ్లూను తీసుకోండి: ఆక్రిలిక్ ఎమల్షన్‌కు కాస్త క్షారగుణం ఉంటుంది, ప్రష్యన్ బ్లూ క్షారంలో చెడిపోతుంది, అందుకే ఆక్రిలిక్ ట్యూబుల మీద ‘ప్రష్యన్ బ్లూ హ్యూ’ అనే చూస్తారు. కొత్తగా సిమెంటు పూసిన గోడల మీద బొమ్మలు వేసేవారికి కూడా ఈ క్షారమే పగవాడు. గోడను కనీసం నాలుగు వారాలు ఆరనిచ్చి, క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేసిన తర్వాతే రంగు ముట్టుకోవాలి.

మీ దగ్గరున్న మిగతా ట్యూబులన్నిటితో ఒక అట్ట మీద పట్టీలు వేసి, సగం భాగాన్ని నల్లకాగితంతో కప్పి, పడమటి కిటికీకి ఈ వేసవంతా తగిలించండి. దసరా నాటికి ఏ ట్యూబు ఉంచుకోవాలో అదే చెబుతుంది.

ప్రశ్న: రాత్రి కుంచెలు కడగడం మరచిపోతే పొద్దునకి కర్రల్లా అవుతున్నాయి. వాటిని మెత్తబరచడం ఎలా? ఆ రంగునీళ్లు సింకులో పోయవచ్చా?
— ఇంటీరియర్ డిజైనర్, హైదరాబాద్

జవాబు: గట్టిపడిన కుంచెను మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గంటసేపు నానబెట్టి, వేళ్లతో మెల్లగా విడదీసి, సబ్బుతో కడగండి. మొదళ్లలోకి రంగు దిగి ఉంటే పూర్తిగా బాగుపడదు, దానిని గరుకు పనులకు ఉంచుకోవడమే. పనిచేస్తున్నంతసేపు కుంచెను నీటిలో ఉంచండి, కానీ కొన మీద నిలబెట్టకండి. ఆక్రిలిక్‌కు నైలాన్ కుంచెలే మేలు, ఖరీదైన ఉడుతవెంట్రుక కుంచెలను దీనికి బలిపెట్టవద్దు.

రంగునీళ్ల విషయం అడిగినందుకు సంతోషం, ఎవరూ అడగరు. ఆ నీళ్లలో ఉన్నది ప్లాస్టిక్ రేణువులే. సింకులో పోస్తే గొట్టాల్లో పొర కట్టడమో, కాలువలో కలవడమో జరుగుతుంది. ముందు కుంచెను పాత గుడ్డతో తుడిచేస్తే సగం రంగు అక్కడే ఆగిపోతుంది. మిగిలిన నీళ్లను బకెట్‌లో పోగుచేసి, పటిక పొడి వేసి కలిపి, తర్వాత కొంచెం సున్నపుతేట చేర్చి రాత్రంతా కదపకుండా ఉంచండి. వాగునీళ్లు బురదగా ఉన్నప్పుడు మన పెద్దలు కుండలో చిల్లగింజ అరగదీసి తేర్చినట్టే, రంగు రేణువులు తరకలు కట్టి అడుగుకు దిగుతాయి. పైనీటిని గుడ్డతో వడగట్టి పారబోసి, అడుగున మిగిలిన మడ్డిని ఎండబెట్టి చెత్తబుట్టలో వేయండి.

ప్రశ్న: ఆక్రిలిక్ ‘ప్లాస్టిక్ బొమ్మ’ అనీ, గ్యాలరీల్లో ఆయిల్‌కే విలువ అనీ మా గురువుగారు అంటారు. నిజమేనా? ఇంట్లో ఉన్న ఆక్రిలిక్ చిత్రం మీద దుమ్ము పేరుకుంది, తడిగుడ్డతో తుడవవచ్చా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: విలువ సంగతి అయితే మీ జిల్లా వాసులకు నేను చెప్పాలా? బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గారి నిండు బొట్టు, ముదురు చీరల తెలంగాణ స్త్రీలు ఎందరో కాన్వాస్ మీద ఆక్రిలిక్‌తోనే వెలిశారు. ఆయన చిత్రాల్లోని ఆ చదునైన, నీడల నసుగుడు లేని ఎరుపూ పసుపూ ఈ రంగు స్వభావానికి అతికినట్టు సరిపోతాయి. బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1967లో కాలిఫోర్నియా ఈతకొలనును చిత్రించిన ‘ఎ బిగ్గర్ స్ప్లాష్’ ఆక్రిలిక్ చిత్రమే, అది లండన్‌లోని టేట్ మ్యూజియం సంగ్రహంలో ఉంది. ఆయనదే 1972 నాటి మరో ఆక్రిలిక్ చిత్రం 2018 వేలంలో 9 కోట్ల డాలర్లకు పైగా పలికింది.

మీ గురువుగారి మాటలో నేను ఒప్పుకునేది ఒక్కటే: ఆయిల్ చిత్రాలు శతాబ్దాల తరబడి ఎలా ముసలివవుతాయో మనం కళ్లారా చూశాం, ఆక్రిలిక్ వయసు డెబ్బై ఏళ్లే. ఈ డెబ్బై ఏళ్లలో చిట్లడం, పసుపుబారడం పెద్దగా కనిపించలేదు. కనిపించిన ఇబ్బంది మీరు అడిగిన దుమ్మే. మెత్తటి పొర దుమ్మును పట్టుకుని వదలదు. పైగా రేణువులను నీటిలో తేల్చి ఉంచడానికి కలిపిన సబ్బులాంటి పదార్థం కాలక్రమంలో పైకి తేలి సన్నని మసకలా కనిపిస్తుంది. తడిగుడ్డతో తుడిస్తే దుమ్ముతో పాటు ఆ పదార్థం కూడా కరిగి వస్తుంది, కొన్ని రంగులు కూడా గుడ్డకు అంటవచ్చు, మెరుపు అక్కడక్కడా మారిపోతుంది. టేట్ పరిరక్షకులు ఆక్రిలిక్ చిత్రాలను శుభ్రం చేయడం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేయవలసి వచ్చింది అందుకే.

మీ చిత్రానికి వార్నిష్ వేసి ఉందో లేదో ముందు చిత్రకారుడిని అడగండి. వేసి లేకపోతే తడి తగలనివ్వకుండా, మెత్తటి పొడి కుంచెతో పైనుంచి కిందకు తేలికగా విదల్చండి, అంతకుమించి ఏమీ చేయకండి. కొత్తగా వేసే చిత్రాలకు, రంగు పూర్తిగా ఆరాక మెరుపునిచ్చే ఆక్రిలిక్ మీడియంతో (గ్లాసీ మీడియం) ఒక పలుచని పూత వేసి, అది ఆరిన తర్వాత మినరల్ టర్పెంటైన్‌తో తీసివేయగల వార్నిష్ వేయండి. అప్పుడు పాతికేళ్ల తర్వాత దుమ్ము పట్టిన వార్నిష్‌ను తీసేసి కొత్తది వేసుకోవచ్చు, మధ్యలోని పూత అడ్డు ఉంటుంది కాబట్టి కింది రంగును ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. ఏ వార్నిష్ వేశారో, ఏ నెలలో వేశారో కాన్వాస్ వెనకవైపు చెక్క మీద పెన్సిల్‌తో రాసి పెట్టండి.